సందర్శకుల పుస్తకంలో పదిహేనేళ్లు

ఒకే హాలులో, ఒకే బెంచీ మీద, పదిహేనేళ్లుగా ఊళ్లో ఉన్న ప్రతి ఆదివారం కూర్చుంటున్న మనిషిని మీరైతే ఏమని పిలుస్తారు? తొందరపడి జవాబు చెప్పకండి. మీ అపార్ట్‌మెంట్ సంఘంలో, మీ యూనియన్‌లో, మీ గుళ్లో, మీ ఆఫీసులో అలాంటి మనిషి ఒకరుంటారు. ఆయన పేరు ఏ పుస్తకంలో రాసి ఉందో చూసి వచ్చి అప్పుడు చెప్పండి. నేను చెప్పబోయే మనిషిని ఆయన చర్చి 'అతిథి' అంది. వినడానికి ఎంతో మర్యాదైన మాట. ఆ మాట ఆయన తల్లికి ఆరడుగుల నేల దొరకడానికి అడ్డం పడింది.

సూరత్ పక్కన హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో నేను ఇరవై రెండేళ్లు వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేశాను. ఈ సంగతి నా ఉద్యోగపు ఆఖరి ఏడాది జూన్‌లో మొదలై జూలైలో ముగిసింది. వెల్ఫేర్ ఆఫీసరంటే ఏమిటో బయటివాళ్లకు అంతగా తెలియదు. ఐదు వందలమందీ, అంతకు మించీ పనిచేసే ఫ్యాక్టరీలో ఆ పోస్టు ఉండి తీరాలని చట్టం చెబుతుంది. క్యాంటీన్లో పప్పు పలచబడిందన్న ఫిర్యాదు దగ్గరనుంచి, ప్రమాదంలో పోయిన మనిషిని సొంత ఊరికి చేర్చడం దాకా అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. జీతం యాజమాన్యం ఇస్తుంది. చూడవలసింది కార్మికుడి మంచి. హోదాకు డిప్యూటీ మేనేజరునే అయినా, మేనేజర్ల భోజనాల గదిలో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

మా దగ్గర మనుషులు రెండు రకాలు. కంపెనీ రోలు మీద ఉన్న పర్మనెంటువాళ్లకు నీలం పాసు, ఒకసారి ఇస్తే రిటైరయ్యేదాకా అదే నంబరు. కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లకు పసుపు పాసు. దాని మీద హిందీలోనూ గుజరాతీలోనూ 'తాత్కాలికం' అని అచ్చు వేసి ఉంటుంది. మూడు నెలలకొకసారి దాన్ని తిరగరాయాలి. ఆ తిరగరాసే సంతకం నాది.

మా నాన్నగారు తెనాలి దగ్గర హైస్కూలు మాస్టారు. ఆదివారం పొద్దున మా వరండాలో చర్చలు జరిగేవి. దేవుడు, కులం, జాతకం, దెయ్యం, ఏదైనా సరే, రుజువు చూపించిన వాడికే రెండో కప్పు కాఫీ. అలా పెరిగినదాన్ని. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నదాన్ని. హజీరా తెలుగువాళ్లలో నా నాస్తికత్వం ఒక వినోదం. దసరాకు ప్రసాదం తెచ్చేవాళ్లు 'ఇది తీపి మాత్రమే అనుకుని తినండి' అని ఇచ్చి వెళ్లేవారు.

అందుకే ప్రభాకర్ గారు ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. ఆయన మా ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ విభాగానికి అధిపతి. గుంటూరు జిల్లా మనిషి. నగరంలో అడాజన్ అనే పేటలో మేమిద్దరం ఒకే హౌసింగ్ సొసైటీలో ఉండేవాళ్లం. సూరత్‌లోని ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి ఆయన కార్యదర్శి. పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చిందనీ, జూలైలో ఒక ఆదివారాన్ని వలస వచ్చినవారి కోసం జరపాలనీ, ఆ రోజు చదివే ప్రకటనకు తెలుగు సరిచేసి, సూరత్‌లో తెలుగు కార్మికుల బతుకు గురించి నాలుగు వాస్తవాలు చేర్చి పెట్టాలనీ అడిగారు.

"మీకు ఆ కార్మికులు తెలుసు, తెలుగు తెలుసు. పైగా దేన్నీ నమ్మరు కాబట్టి ఎవరి పక్షమనీ ఎవరూ అనలేరు, సుశీల గారూ," అన్నారు నవ్వుతూ.

"తర్వాత బాధపడకూడదండీ," అన్నాను.

"మీతో పెట్టుకుంటే బాధ తప్పదని తెలిసే వచ్చానండి," అన్నారు.

ప్రకటన చదివాను. సర్క్యులర్‌కు మూలం సముద్రం అవతల ఏదో దేశపు చర్చి కార్యాలయంలో రాశారు. అక్కడినుంచి మన దేశపు పెద్ద కార్యాలయానికి, అక్కడినుంచి తెలుగులోకి వచ్చింది. 'మన ద్వారము తట్టుచున్న పరదేశులను ప్రేమతో చేర్చుకొందము' అని మొదలై, 'చెదరిపోయిన ఈ జనులే మన సేవకు ప్రభువు చూపిన పొలము' అని ముగిసింది. పెన్సిలు తీశాను.

నా అభ్యంతరం దేవుడితో కాదు. ఆ కాగితంలో ప్రతి వాక్యానికీ ఒక 'మనం' ఉంది. ఇల్లు ఆ 'మన'ది, తలుపు 'మన'ది, తట్టేవాడు పరాయివాడు. రాసిన దేశంలో అది అర్థమవుతుంది. వాళ్లకు సరిహద్దు ఉంది, దాని అవతల పడవల్లో వచ్చే జనం ఉన్నారు. ఒకప్పుడు తమ ఓడలే ఆ జనం ఊళ్లకు పిలవకుండా వెళ్లాయని వాళ్లు మరిచిపోవచ్చు. మనం ఎలా మరిచిపోతాం? మన జిల్లాలకు ఓడెక్కి వచ్చిన దొరలు ముప్పై ఏళ్లుండి, మన భాష నేర్చుకుని, మన మట్టిలోనే కలిసిపోయారు. వాళ్లను ఏ సంఘమూ వలస వచ్చినవారనలేదు. 'పంపబడినవారు' అంది. అదే సంఘం జగిత్యాల వైపునుంచి జనరల్ బోగీలో నిలబడి సూరత్ వచ్చిన తన మనిషిని మాత్రం పరదేశి అంటోంది. ఆయన ఏ దేశపు సరిహద్దూ దాటలేదు. పరాయి దొర కుర్చీలోంచి లేచి వెళ్లాక మనవాళ్లే అందులో కూర్చుని, దొర చూసినట్టే తలుపు వైపు చూస్తున్నారు. ఇదంతా మార్జిన్లో రాశాను. కాగితం చాలక వెనక్కి తిప్పాను.

వాస్తవాలు చేర్చాలంటే చూడాలి కాబట్టి ఆ ఆదివారం చర్చికి వెళ్లాను. అడాజన్‌లో దుకాణాల భవనం మీద మూడో అంతస్తులో హాలు. గుమ్మం దగ్గర బల్ల మీద రెండు పుస్తకాలు. నల్ల అట్టది సభ్యులది. ఎర్ర అట్టది సందర్శకులది. సభ్యుడు సంతకం పెట్టనక్కర్లేదు, ఆరు నెలలు రాకపోయినా సభ్యుడే. సందర్శకుడు వచ్చినప్పుడల్లా పెట్టాలి. బల్ల దగ్గర రత్నం మాస్టారు కూర్చున్నారు. రిటైరైన టీచరు, సంఘంలో పెద్ద. నా పేరు ఎర్ర పుస్తకంలో రాయించారు. న్యాయమే. నా పేరుకు పైన ఒక పేరుంది, అదే పేరు ముందు పేజీలోనూ ఉంది, అంతకు ముందు పేజీలోనూ ఉంది.

ఆ పేరు గలాయన వెనకే నిలబడి ఉన్నాడు. జక్రయ్య. మా ఫ్యాక్టరీలో పైపులకు రంగులేసే గ్యాంగు మనిషి.

"మేడం, మీరు ఈడ!" అన్నాడు. "ఇయ్యాల వాన గట్టిగనే కొడ్తది."

"మీరెన్నాళ్లనుంచి వస్తున్నారు జక్రయ్య గారూ?"

"ఈ హాలుకు పదిహేనేండ్లు మేడం. ఇన్ని సంతకాలు పెట్టినోన్ని బ్యాంకుల మేనేజరన్న జెయ్యాలె."

ప్రార్థన మధ్యలో అతిథులను లేచి నిలబడమన్నారు. కార్మికులుండే నవాగామ్ పేట నుంచి వచ్చిన పదమూడు మంది వెనక బెంచీల్లో లేచారు. ఎక్కువమంది మగ్గాల కార్ఖానాల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. సంఘమంతా వాళ్ల వైపు తిరిగి స్వాగత గీతం పాడి చప్పట్లు కొట్టింది. నేనూ లేచాను. నాకూ కొట్టారు. పక్కకు చూస్తే జక్రయ్య చేతులు కట్టుకుని, ఇంజక్షను వేయించుకుంటున్నవాడిలా గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

మెట్ల మీద టీ తాగుతూ ఆయన చెప్పిందాన్ని బట్టి విషయం ఇది. ఒక సంఘంనుంచి ఇంకో సంఘానికి మారేవాళ్లు పాత చోటునుంచి బదిలీ ఉత్తరం తేవాలి. అది తెస్తేనే నల్ల పుస్తకం. ఇంజనీర్లు ఉద్యోగపు ట్రాన్స్‌ఫర్ ఆర్డరుతో పాటు ఈ ఉత్తరమూ తెచ్చుకుంటారు. జక్రయ్య ఇంట్లో ఎవరూ తేలేదు. ఎందుకంటే ఉత్తరం ఇచ్చిన రోజునే ఊరి సంఘంలో పేరు కొట్టేస్తారు.

"మా అన్న ఊర్లనే ఉన్నడు మేడం. మా నాయిన బొంద గాడనే ఉన్నది. గాడికెల్లి పేరు ఎట్ల కొట్టిపిచ్చుకోవాలె? పంటలప్పుడు నేను గాడ, మిగిల్నప్పుడు ఈడ. నేను రెండు తావుల మనిషిని. ఒక్క తావునే ఉండుమని గా కాయిదం అంటది."

ఆయన భార్య శాంతమ్మ అందుకుంది. "ముచ్చట్లు సాలు గని, అత్తమ్మ సంగతి జెప్పు మేడంకు."

అసలు విషయం అది. జక్రయ్య తల్లి నర్సమ్మకు ఎనభై దాటాయి. మంచం పట్టి రెండు నెలలైంది. తనను సూరత్‌లోనే పూడ్చాలని పట్టుబట్టింది. ఈ సంఘానికి సొంత సమాధుల తోట లేదు. నగరంలో ఒక పాత చర్చికి ఉంది. ఈ సంఘం కార్యదర్శి 'మా పూర్తి సభ్యులు' అని రాసిస్తే వాళ్లు చోటిస్తారు. సందర్శకులకు ఇవ్వరు.

మర్నాడు డ్యూటీ అయ్యాక నవాగామ్ వెళ్లాను. వాళ్ల ఖోలీ మొదటి అంతస్తులో ఉంది. ఖోలీ అంటే అక్కడ ఒంటి గది ఇల్లు. నర్సమ్మ మంచం మీదనుంచే నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నీకు దేవుడు లేడంటగా బిడ్డా? మావోడు జెప్పిండు."

"లేడనే అనుకుంటున్నానమ్మా."

"పోనీతియ్యి. చాయ్ తాగుతవా?"

ఊరు గుర్తుకు రాదా అని అడిగాను. వలస మనిషి గుండె ఎప్పుడూ ఊరివైపే కొట్టుకుంటుందని ప్రకటనలో ఒక పేరా ఉంది. దాన్ని నేను కూడా కొట్టేయలేదు.

"ఊర్ల ఎవరున్నరు? పెద్దోడున్నడు, ఆని పెండ్లాం ఆరు దినాలు మంచిగ జూస్తది, ఏడో దినం ఎప్పుడు పోతవత్తా అంటది. ఊరికి పోతె నేనే చుట్టాన్ని. నా మనుమరాండ్లు ఈడ, నా మంచం ఈడ. పోయినేడు ముందలేడు మా గల్లీల రాజలింగం సచ్చిపోతె అంబులెన్సుల గట్టి ఊరికి పట్కపోయిండ్రు. ఒక పగలు, ఒక రాత్రి. సామాన్ గట్టినట్టు గట్టిండ్రు బిడ్డా. నన్నట్ల గట్టొద్దు."

గోడ చూపించింది. "ఇగో, గీ గోడకానుకొని మొదటి ప్రార్థన జేసినం. అప్పుడు ఏడుగురం. చర్చీ లేదు, పుస్తకం లేదు. మీ పెద్దసారు, ప్రభాకర్ సారు, కొత్తగ వచ్చినప్పుడు కుర్చీ లేకపాయె. నూనె డబ్బా బోర్లేసి కూసోబెట్టిన. లావు మనిషి, డబ్బా సొట్టబోయింది." నవ్వుతుంటే దగ్గు వచ్చింది.

అంటే ఆ సంఘం పుట్టింది ఆ ఖోలీలో. మూడేళ్ల తర్వాత ఇంజనీర్లు పెరిగారు, అడాజన్‌లో హాలు దొరికింది, పెద్ద సంఘం గుర్తింపు వచ్చింది, గుర్తింపుతో రిజిస్టర్లు వచ్చాయి. ఉత్తరాలున్నవాళ్లు మొదటి పేజీలోకి వెళ్లారు. ఇల్లిచ్చినవాళ్లు ఎర్ర పుస్తకంలోకి వెళ్లారు. ఎవరూ కుట్ర చేయలేదు. అందరూ నియమం పాటించారు, అంతే.

మా నాన్న కూతుర్ని కదా, నాకు రక్తం ఉడికింది. శనివారం కమిటీ సమావేశానికి నన్ను పిలిచారు. ప్రభాకర్ గారు, రత్నం మాస్టారు, మరో ముగ్గురు కూర్చున్నారు. రెండు గంటలు వాదించాను. బదిలీ ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, దొరల కాలంనుంచి ఉందని మాస్టారు చెప్పారు. కాలవ పనులకూ తోటల పనులకూ పోయే విశ్వాసులు ఎటు పోతున్నారో తెలియడానికి పెట్టారట. తోటల మేనేజర్లకూ అలాంటి చీటీ ఉండేదని, కూలి కోసం కదిలే మనిషిని అనుమానించడమే ఆ చీటీల పనని నేనన్నాను. తర్వాత ఒక ప్రశ్న వేశాను.

"ఈ గదిలో సూరత్‌లో పుట్టినవాళ్లు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. టీ తెచ్చిన వాచ్‌మన్ కాకా వైపు అందరూ ఆశగా చూశారు. ఆయన తెలుగు అర్థంకాకపోయినా ప్రశ్న పసిగట్టి, "హమ్ తో అమ్రేలీ సే," అన్నాడు. తనూ అమ్రేలీ నుంచి వచ్చినవాడేనట. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నేను గెలిచాను.

'పరదేశులు' పోయింది. 'మన ద్వారము' పోయింది. 'పొలము' పోయింది. ఊరివైపు కొట్టుకునే గుండె కూడా పోయింది. నవాగామ్ ఖోలీ గురించి ఒక పేరా చేరింది. 'మనకు తొలి ఆతిథ్యమిచ్చిన సోదరులు' అన్న మాట మాస్టారే సూచించారు, కళ్లు తుడుచుకుంటూ. ప్రతి సవరణా ఏకగ్రీవం.

అజెండా చివర 'ఇతర విషయాలు' కింద, తనను సభ్యురాలిగా చేర్చుకోమని నర్సమ్మ పేరు మీద ఇచ్చిన ఉత్తరం ఉంది. ప్రభాకర్ గారు చదివారు. మాస్టారు నెమ్మదిగా అన్నారు: "నియమం ఒకటుంది కదమ్మా. ఒక పేరు రెండు పుస్తకాల్లో ఉండకూడదు."

ఇప్పుడు చెప్పక తప్పని మాట. నేను తలూపాను. "అది నిజమే," అన్నాను కూడా. నా వృత్తిలో ఒక మనిషి పేరు రెండు మస్టర్లలో ఉంటే అది మోసం. రెండు చోట్ల హాజరు, రెండు జీతాలు. ఇరవై రెండేళ్లు ఆ మోసాన్ని పట్టుకోవడం నా పనుల్లో ఒకటి. ఆ అలవాటుతో మెడ దానంతటదే కదిలింది. ఉత్తరం సంగతి వచ్చే నెలకు వాయిదా పడింది. నేను గెలిచిన వాదాన్ని మనసులో మళ్లీ మళ్లీ వల్లెవేసుకుంటూ ఇంటికి వచ్చాను.

సోమవారం జక్రయ్య పాసు తిరగరాయించుకోవడానికి నా గదికి వచ్చాడు. ప్రకటనలో ఏమేం మార్పించానో ఉత్సాహంగా చెప్పాను. ఇక మిమ్మల్ని ఎవరూ పరదేశులు అనరన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మంచిగున్నది మేడం. మరి అమ్మ ఉత్తరం?"

వచ్చే నెల అన్నాను. నియమం ఉందన్నాను.

ఆయన పసుపు పాసు బల్ల మీద పెట్టి, వేలితో నా వైపు జరిపాడు. "గీ పాసు మీద ఏం రాసున్నది మేడం?"

నేను పెన్ను మూత తీశాను.

"పదకొండేండ్లాయె. ముగ్గురు కాంట్రాక్టర్లు మారిండ్రు, పైపులు మారలే, నేను మారలే. ఏడాదికి నాలుగుసార్లు మీ సంతకం. చర్చోళ్లు నయం మేడం, ఆళ్లు చప్పట్లన్న గొట్టిండ్రు."

సంతకం పెట్టాను. పెట్టకపోతే ఆయన గేటు దాటలేడు. ఆ సంతకం పెట్టడానికి నాకు అంతకు ముందెప్పుడూ పట్టనంత సేపు పట్టింది.

ఆ సాయంత్రమే ప్రభాకర్ గారింటికి వెళ్లి, కమిటీలో తలూపడం నా తప్పన్నాను. మస్టర్ నియమం రెండు జీతాలను ఆపడానికి పుట్టింది. ఒక ముసలమ్మ పేరు రెండు చర్చి పుస్తకాల్లో ఉంటే ఎవరికి నష్టం? రెండు చోట్ల ప్రార్థన చేస్తుంది, అంతేగా. దేవుడున్నాడని మీరంటారు కదా, ఆయనకు ఒక మనిషిని రెండు ఊళ్లలో గుర్తుపట్టడం చేతకాదా అని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. కమిటీ తీర్మానం లేకుండా తానొక్కడే రాయకూడదన్నారు. రాస్తే కార్యదర్శి పదవి దుర్వినియోగం అవుతుందన్నారు. అది కూడా నిజమే. నియమాలు పాటించే మంచివాళ్లతో వాదించడం కంటే కష్టం ఇంకోటి లేదు.

వలస ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, గురువారం పొద్దున పదింటికి శాంతమ్మ ఫోను చేసింది. నర్సమ్మ పోయింది. నేను వెళ్లేసరికి ప్రభుత్వాసుపత్రి మార్చురీ బయట జక్రయ్య వాళ్లన్నతో ఫోనులో మాట్లాడుతున్నాడు. అంబులెన్సు మాట్లాడాలా వద్దా అని అన్న అడుగుతున్నాడు. మధ్యాహ్నంలోగా తేల్చాలి, లేకపోతే బండి దొరకదు.

ప్రభాకర్ గారు ప్లాంటునుంచి నేరుగా వచ్చారు, సేఫ్టీ బూట్లతోనే. సంచీలో సంఘం లెటర్‌హెడ్ ఉంది. బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. పేరు రాశారు, వయసు రాశారు. 'మా సంఘపు' దగ్గర కలం ఆగింది. జక్రయ్య ఫోను చెవిదగ్గర అలాగే పట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు. అవతలినుంచి అన్న గొంతు వినిపిస్తూనే ఉంది.

"నన్ను నూనె డబ్బా మీద కూర్చోబెట్టింది," అన్నారు ప్రభాకర్ గారు, ఎవరితోనో తెలియకుండా. "నా పేరు అడగలేదు. ఏ సంఘమని అడగలేదు."

'పూర్తి సభ్యురాలు' అని రాసి సంతకం పెట్టారు.

జక్రయ్య ఫోనులో, "అంబులెన్సు వద్దన్నా. అమ్మ ఈడనే ఉంటది," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి వానలో పూడ్చారు. గొడుగులు తక్కువ. పాత చర్చివాళ్లు ఎప్పుడైనా తనిఖీ చేస్తారేమోనని ప్రభాకర్ గారు ఆ రోజే నల్ల పుస్తకంలో నర్సమ్మ పేరు ఎక్కించారు. చేరిన తేదీ, మరణించిన తేదీ ఒకటే. హాలులో కూర్చున్న పదిహేనేళ్లలో ఆమెకు దొరకని చోటు, కూర్చోలేని రోజున దొరికింది.

ఆదివారం వచ్చింది. గుమ్మానికి పూలదండ కట్టారు. ప్రకటన నేను చివరిసారి సరిచేసిన ప్రతి, మెరిసే కాగితం మీద అచ్చయి ఉంది. జక్రయ్య, శాంతమ్మ వచ్చారు. రత్నం మాస్టారు లేచి జక్రయ్య భుజం మీద చెయ్యేసి ఓదార్చి, మళ్లీ కూర్చుని, అలవాటు ప్రకారం ఎర్ర పుస్తకం ముందుకు జరిపి కలం ఇచ్చారు.

జక్రయ్య కలం తీసుకోలేదు.

"మాస్టరు సాబ్, మా అమ్మ ఈ ఇంటామెనా కాదా?"

"అవును నాయనా. ప్రభాకర్ గారు రాశారు కదా."

"ఇంటామె కొడుకు చుట్టమెట్లయితడు?"

మాస్టారు కలం బల్ల మీద పెట్టారు. వెనక వరుస పెరుగుతోంది. నేను మూడు వారాలు వాదించి, రెండు గంటలు ఉపన్యసించి చెప్పలేకపోయిన మాటను ఆయన రెండు ప్రశ్నల్లో చెప్పాడు. మా వరండాలో అయితే ఆ రెండో కప్పు కాఫీ ఆయనదే. ఎవరో లోపలికి వెళ్లి ప్రభాకర్ గారిని పిలిచారు. ఆయన వచ్చి, సంగతి విని, నల్ల పుస్తకం తెరిచి నర్సమ్మ పేరు కింద రెండు పేర్లు రాశారు. బదిలీ ఉత్తరం గడిలో అడ్డగీత పెట్టారు. మాస్టారు తన అభ్యంతరం రాయించారు. అది కూడా సమావేశపు పుస్తకంలో ఉంది. ఆ రోజు అతిథులను లేవమన్నప్పుడు జక్రయ్య కూర్చునే ఉన్నాడు. నేను లేచాను.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నవాగామ్ నుంచి వచ్చే మిగతా పదకొండుమంది సంగతి తేల్చడానికి కమిటీ ఒక ఉపసంఘం వేసింది. నేను రిటైరయ్యేనాటికి ఉపసంఘం ఒక్కసారి కూర్చుంది. పసుపు పాసుల మీద 'తాత్కాలికం' తీసేసి, ఆ మనిషి ఈ ఫ్యాక్టరీలో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నాడో అచ్చు వేయాలని నేను నోటు పెట్టాను. ఆ మాట తీసేస్తే వాళ్లు హక్కులు అడిగే అవకాశముందని లా విభాగం ఒక్క వాక్యంలో తిప్పికొట్టింది. నా ఉద్యోగంలో చదివిన అన్ని నోట్లలోకీ నిజాయితీ గలది అదే. చర్చి చెప్పుకోలేని కారణాన్ని వాళ్లు దాచకుండా చెప్పారు. అతిథికి గౌరవం ఉంటుంది, పాట ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. అడిగే హక్కు ఉండదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇదే. ప్రకటనలో మాట మార్చడానికి కమిటీ రెండు గంటల్లో ఒప్పుకుంటే, ఆ మాట కింద ఉన్న పుస్తకం చెక్కుచెదరలేదని అర్థం. హేతువాదులం వాదనలో గెలిచి ఇంటికి వెళ్లిపోతాం. ఆస్తికులు పాట పాడి ఇంటికి వెళ్లిపోతారు. రిజిస్టరు బల్ల మీదే ఉంటుంది, దాన్ని నడిపే మెడలు ఎప్పటిలా ఊగుతుంటాయి. వాటిలో ఒక మెడ నాది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు మీ జవాబు కాగితం మీద రాయకండి, నాకు చెప్పకండి. రేపు మీ సంఘం గుమ్మం దగ్గరికి వెళ్లండి. సందర్శకుల పుస్తకం తెరవండి. ఏడాదికి మించి అందులో సంతకం పెడుతున్న పేరు ఒక్కటి కనిపించినా, ఆ మనిషిని పిలిచి, ఆయన కళ్లముందే ఆ పేరును సభ్యుల పుస్తకంలోకి రాయండి. రాయడానికి మీకు చెయ్యి రాకపోతే, గుమ్మం మీద 'సుస్వాగతం' అని రాసిన బోర్డును నిచ్చెన వేసుకుని మీరే దించండి.